నాన్నగారి సంవత్సరీకానికి చిన్న పుస్తకం: ఏం రాయాలి?

ప్రశ్న

వచ్చే మాఘమాసంలో మా నాన్నగారి సంవత్సరీకం. ఆయన గోదావరి మధ్య డెల్టాలో ఒక పంట కాలువ మీద లస్కరుగా, అంటే తూములు చూసుకుంటూ పొలాలకు నీరు వదిలే ఉద్యోగిగా, పనిచేసి రిటైరయ్యారు. ఆ రోజు వచ్చే బంధువులకు, ఊరివారికి ఇవ్వడానికి ఆయన గురించి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాలని అన్నదమ్ములం అనుకున్నాం. తీరా రాయడానికి కూర్చుంటే 'దయామయుడు, పరోపకారి, ఆదర్శమూర్తి' అన్న మాటలే వస్తున్నాయి. అవి ఎవరి ఫొటో కింద పెట్టినా సరిపోతాయి, వాటిలో మా నాన్నగారు కనిపించడం లేదు. ఇంకొక సందేహం కూడా ఉంది. పెద్దకర్మ రోజున ఒక శివారు రైతు (కాలువ చిట్టచివర పొలం ఉన్నాయన) వచ్చి, తన కూతురికి కాన్పు కష్టమైనప్పుడు ఆసుపత్రి ఖర్చంతా నాన్నగారే పెట్టుకున్నారని, తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదని చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్నారు. అమ్మకు కూడా తెలియని సంగతి అది. ఇలాంటివి రాయవచ్చా?

మొదటి సమాధానం

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. లస్కరు అంటే ఎవరో ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక ముందుగా ఆయన చేసిన పనిని రాయండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకు మన ప్రాంతంలో ఊరూరా విగ్రహాలున్నాయి, ఉండవలసిందే. అయితే అక్కడ మళ్ళించిన నీరు కాలువలూ బోదెలూ దాటి చిట్టచివరి చేను దాకా చేరిందంటే తూము దగ్గర ఉన్న మనిషి న్యాయంగా ఉన్నాడని అర్థం. సార్వాలో, అంటే వానాకాలం పంటకు, అంత ఇబ్బంది ఉండదు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నది తగ్గి, నీటికి వంతులు పెట్టినప్పుడే మనిషి గుణం బయటపడుతుంది. ఎగువన ఎవరో రాత్రివేళ తూము తలుపు ఎత్తేస్తారు, శివారున పొట్ట మీదున్న చేను నెర్రెలిస్తుంది. టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట సైకిలు మీద వెళ్ళి, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా తలుపు దించి, తెల్లవారేదాకా అక్కడే కూర్చున్న లస్కర్లను నేను ఎరుగుదును. శివారు రైతులను కలిసి, ఏ ఏడు ఎవరి చేను దక్కిందో వారి మాటల్లోనే రాసుకోండి. సంవత్సరం అడిగితే చెప్పలేకపోవచ్చు; 1986 వరదలకు ముందా, 1996 నవంబరు తుపాను తరువాతా అని అడిగితే ఠక్కున చెబుతారు.

రెండవ సమాధానం

ఆసుపత్రి సంగతి ఆ కుటుంబాన్ని అడగకుండా రాయవద్దండీ. ఆ రైతుగారు దుఃఖంలో నలుగురిలో చెప్పి ఉండవచ్చు, కానీ అచ్చులో పడితే అది ఆయన కూతురి అత్తవారింటికీ చేరుతుంది. మీ నాన్నగారు అమ్మగారికి సైతం చెప్పలేదంటే వారి మర్యాద నిలపడానికే అయి ఉంటుంది కదా. అడిగి, వారు ఒప్పుకుంటే, ఎలా రాయమంటే అలా రాయండి.

ఊరికి చేసిన మేలుతో పాటు ఇంట్లో ఆయన ఎలా ఉండేవారో కూడా ఉండాలి. తుపాను రాత్రి మా డాబా ఇంట్లో చుట్టుపక్కల కుటుంబాలకు చోటిచ్చారని మా నాన్నగారిని ఊరు ఇప్పటికీ తలుచుకుంటుంది. నాకు మాత్రం, అమ్మ టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు ఆయన నాకు రెండు జడలు వేసి బడికి పంపడమే ముందుగా గుర్తొస్తుంది. తడిచేత్తో జుట్టు అదిమి, మూడు పాయలూ సమంగా వచ్చాయో లేదో తల పక్కకు వంచి చూసుకునేవారు.

మూడవ సమాధానం

ఆయన కోపం కూడా రాయండి. ఎప్పుడూ కోపం రాని మనిషి గురించి చదివితే, ఆయనను ఎరిగినవారు నమ్మరు. అక్షరాలు పెద్దవిగా వేయించండి, చదివేవారిలో వయసు మళ్ళినవారే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మను అడిగితే, వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఆయన ఊరూరా తిరిగి, మంచినీళ్ళ చెరువులు నింపుకోమని పెద్దలకు గుర్తుచేసేవారని, ఎవరైనా అశ్రద్ధ చేస్తే మాత్రం గట్టిగా కేకలేసేవారని చెప్పింది. ఆ కోపాన్ని అలాగే రాస్తాం. నిన్న తమ్ముడు ఆ రైతుగారి ఇంటికి వెళ్ళాడు. ఆయన తమ పేర్లేవీ లేకుండా రాయమన్నారు. కూతురు మాత్రం ఒప్పుకోలేదు. ఆ పేజీ తానే రాసిస్తానని, కింద తన పేరు, తన కొడుకు పేరు తప్పకుండా వేయమని పట్టుబట్టింది.