రోర్క్స్ డ్రిఫ్ట్‌కి బొమ్మ ఉంది, ఇసాండ్ల్వానాకి ఎందుకు లేదు?

కందుకూరు మాస్టారు:
మా చెల్లెలి కొడుకు దక్షిణాఫ్రికా డర్బన్ నుంచి వస్తా ఫ్రిజ్‌కి అంటించే బొమ్మ తెచ్చాడు. ఎర్రకోటు సిపాయి, కింద రోర్క్స్ డ్రిఫ్ట్ అని రాసుంది. 1879 జనవరి 22న అక్కడ నూటయాభై మంది దాకా బ్రిటిష్ వాళ్ళు అక్కడి స్థానికులైన జూలూలను, వేల మందిని, తెల్లవార్లూ ఆపారు. 11 విక్టోరియా క్రాస్‌లు (బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం) ఇచ్చారు. సరే. అదే రోజు అంతకు ముందే, దగ్గర్లోనే ఇసాండ్ల్వానా కొండ కింద జూలూలు వాళ్ళ శిబిరాన్నే తుడిచిపెట్టేశారు. బ్రిటిష్ వైపు 1,300 మందికి పైగా చనిపోయారు. "దానికి బొమ్మ లేదా?" అంటే "షాపులో కనపడలా మామా" అన్నాడు. అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళున్నారా?

ముత్తుకూరు, ఓడ పని:
నేను వెళ్ళాను సార్. గడ్డిలో ఎక్కడ చూసినా సున్నం కొట్టిన రాళ్ళ గుట్టలే. బ్రిటిష్ వైపు వాళ్ళ సమాధులవి. యుద్ధం గెలిచిన జూలూల పేరున స్మారకం పెట్టింది 1999లో! వాళ్ళ వీరులు మెళ్ళో వేసుకునే హారాన్ని కంచుతో పెద్దగా పోశారు. నేను గుట్టలు లెక్కపెడదామనుకుని ఎండకి సగంలోనే ఆపేశా.

ఒంగోలు నుంచి:
ఇదొక్కటే కాదు. 1838 డిసెంబర్ 16న న్‌కోమే నది దగ్గర బోయర్లు, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి తెల్లవాళ్ళు, జూలూలను ఓడించారు. దాన్ని 'రక్తనది' అన్నారు, ఆ తేదీని మొక్కుబడి రోజుగా జరుపుకున్నారు. ఒక గట్టున వాళ్ళు పెట్టిన 64 కంచు బండ్లున్నాయి. 1990ల చివర్లో అవతలి గట్టున జూలూల వైపు కథ చెప్పే మ్యూజియం కట్టారు, ఎద్దు కొమ్ముల ఆకారంలో. జూలూ సేన వ్యూహం అదే కదా. సెలవు అదే తేదీన ఉంది, పేరు మాత్రం 'సయోధ్య దినం' అయింది.

కందుకూరు మాస్టారు:
మనకీ ఉందిగా ఇలాంటిది. పుల్లరి (పశువుల మేతకి కట్టే పన్ను) తగాదాలో యాదవుల నాయకుడు కాటమరాజుకీ నెల్లూరు రాజు నల్లసిద్ధికీ పాలేటి ఒడ్డున పోరు. మా ఇంట్లో అవ్వ చెబితే వీరుడు నల్లసిద్ధి సేనాని ఖడ్గ తిక్కన. వెన్నిచ్చి ఇంటికొస్తే పెళ్ళాం స్నానానికి పసుపు ముద్ద పెట్టిందనీ, రోషంతో మళ్ళీ పోయి చచ్చాడనీ చెప్పేది. రెండు వీధులవతల యాదవుల కొలుపులో అదే పోరుకి వీరుడు కాటమరాజు. చిన్నప్పుడు నేను రెండు చోట్లా ఏడ్చా.

ముత్తుకూరు తమ్ముడూ, ఆ కంచు హారం ఫోటో ఉంటే పెట్టవా?