ఫ్లోరెస్ కొండ ఊళ్లో కుర్రాళ్లు ఊళ్లోనే నిలదొక్కుకోవాలంటే దారేది?

కొండదారి:
ఇండొనేసియా ఫ్లోరెస్ దీవిలో, తూర్పు మంగ్గరాయ్ జిల్లాలో, 1,200 మీటర్ల ఎత్తున ఉన్న ఒక ఊరికి ఏడాది పాటు పనిమీద వెళ్తున్నాను. ఇంటికి ఎకరం, ఎకరంన్నర కాఫీ. మధ్యలో నాలుగు లవంగం చెట్లు, గిరిపుష్పం చెట్ల మీదికి పాకించిన వనిల్లా తీగలు. కింద పెద్ద రోడ్డు దాకా చెక్క బల్లలు బిగించిన లారీయే బస్సు, వాళ్లు ఓటో కాయు అంటారు. గట్టి వానలొస్తే అదీ ఎక్కదు. చదువైపోయిన పిల్లలు బాలి, కలిమంతాన్, మలేసియా పామాయిల్ తోటల దారి పడుతున్నారు. ఊళ్లోనే ఉంటామనేవాళ్లకి నిజంగా ఏం మిగులుతుంది? కొత్త పంట ఏదైనా పెట్టించాలా? తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి.

పచ్చగింజ:
కొత్త పంట జోలికి వెళ్లకండి. ఆ కొండల మీద పంటకి లోటు లేదు. కోతకీ అమ్మకానికీ మధ్యలో రైతు చేతిలోంచి ఏం జారిపోతోందో అది పట్టుకోండి.

ముందు ఇజోన్ సంగతి. మన దగ్గర మామిడి తోట పూత మీద ఉండగానే గుత్తకిచ్చేస్తారు కదా, అదే ఇది. జనవరి–ఏప్రిల్ మధ్య ఇంట్లో తిండిగింజలు నిండుకుంటాయి. అప్పుడు కాఫీని చెట్టు మీదే వ్యాపారికి రాసిచ్చేస్తారు. జూన్‌లో కోత మొదలయ్యేసరికి పండు తమది కాదు. తమది కాని పండుని ఎవరు ఏరి కోస్తారు? పచ్చీ పండూ కలిపి కొమ్మకి కొమ్మ దూసేస్తారు. ఎంత శిక్షణ ఇచ్చినా నాణ్యత అక్కడే ఆగిపోయేది ఇందుకే. కాబట్టి ఆ నెలలకి బియ్యం అప్పు ఎవరిస్తారన్నదే మొదటి ప్రశ్న, యంత్రం తరవాత.

రెండోది తేమ. అరకులో పార్చ్‌మెంట్ (పొట్టుతో ఉన్న గింజ) బాగా ఎండాకే పొట్టు తీస్తారు. ఇండొనేసియాలో గిలింగ్ బాసా అని ఒక పద్ధతి ఉంది. 30–40 శాతం తేమ ఉండగానే పొట్టు తీసేసి, మెత్తటి పచ్చి పప్పుని మళ్లీ ఎండబెడతారు. డబ్బు తొందరగా చేతికొస్తుంది గానీ తప్పు జరిగితే దిద్దుకునే వీలుండదు. ఆ దశలో గింజ వేలితో నొక్కితే అణుగుతుంది. మరలో పడితే చివర చీలి మేకగిట్టలా అవుతుంది. తడిమీద ఒక్క రాత్రి బస్తాలో కట్టి ఉంచినా పుల్లవాసన, బూజు.

సరిగ్గా చేస్తే వరస ఇది: ఎర్రటి పండే కొయ్యాలి. అదే రోజు నీళ్లలో పోసి తేలినవి తీసెయ్యాలి. సాయంత్రానికల్లా పల్పర్‌లో తొక్క తియ్యాలి. జిగురుతో 12 నుంచి 18 గంటలు నాననివ్వాలి, చలి ఎక్కువైతే ఇంకొంచెం. గింజలు పిడికిట్లో నులిమితే జారకుండా గరగరమంటే చాలు, కడిగెయ్యండి. నేల మీద పట్టా కాదు, వెదురు మంచె కట్టి వలమీద మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన ఆరబొయ్యాలి, గంటగంటకీ కలపాలి. 12 శాతానికి రావాలి. తేమ మీటర్ ఊరికొకటి ఉన్నా చాలు. అది లేకపోతే వ్యాపారి చెప్పిందే తేమ, వాడు తీసిందే తరుగు.

లెక్క కూడా రాసుకోండి: ఆరు కిలోల పండుకి కిలో పప్పు. టన్ను పండు కొంటే 160–170 కిలోలు తేలుతుంది.

పల్పర్ డ్రమ్ము మీది రాగి రేకు బొడిపెలు అరిగిపోయాయేమో ఏప్రిల్‌లోనే చూడండి. సందు బిగువైతే గింజ కోసుకుపోతుంది, వదులైతే పండు అలాగే జారిపోతుంది. కరెంటు మోటారు మీద ఆశపెట్టుకోవద్దు. ఇళ్లకిచ్చే కనెక్షన్ చాలాచోట్ల 450 వీఏ, అంటే 450 వాట్లకి మించి ఇవ్వదు. ఒక హెచ్‌పీ మోటారుకే 746 వాట్లు, స్టార్టింగ్‌లో ఇంకా లాగుతుంది, ఫ్యూజు పోతుంది. 5.5 హెచ్‌పీ పెట్రోలు ఇంజనే అక్కడ పనికొచ్చేది.

కాయతొలుచు పురుగు అక్కడ పాత జబ్బు. 2025లో మన అరకులోనూ బయటపడింది. కోత అయ్యాక చెట్టు మీద మిగిలినవీ కింద రాలినవీ ఒక్కటి వదలకుండా ఏరి మరిగే నీళ్లలో వెయ్యాలి. ఒక్క తోట వదిలేసినా చుట్టుపక్కల వాళ్ల కష్టం వృథా.

దోరలవంగం:
కాఫీ మాట ఒప్పుకుంటాను. వనిల్లా, లవంగం గురించి రెండు ముక్కలు.

వనిల్లా పువ్వు ఒక్క రోజే. తెల్లారి విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి వాడుతుంది. తీగ పుట్టిల్లు మెక్సికో, పుప్పొడి చేర్చే అక్కడి తేనెటీగలు ఫ్లోరెస్‌లో లేవు. సన్నటి పుల్లతో లోపలి పొర పైకెత్తి పుప్పొడిని వేలితో అద్దాలి, అదీ ఉదయమే. గుత్తికి ఎనిమిది పదికి మించి కట్టనివ్వకండి, తీగ నీరసించి కాండంకుళ్లు పట్టుకుంటుంది. ఇండొనేసియాలో తోటల్ని తుడిచిపెట్టేది ఆ కుళ్లే. కాయ ముదరడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు. కొస పసుపు తిరిగినప్పుడు కొయ్యాలి. కానీ దొంగల భయంతో ఆరో నెలలోనే కోసేస్తారు. లేతకాయలో వాసన ఉండదు, ధర ఉండదు. వంతులేసుకుని రాత్రి కాపలా, ఊరంతా కలిసి పెట్టుకున్న కోత తేదీ, ఆ తేదీకి ముందు ఎవరి కాయా కొనకూడదన్న కట్టుబాటు: ఈ మూడూ లేకపోతే మిగతాదంతా దండగ.

కోశాక 63–65 డిగ్రీల నీళ్లలో మూడు నిమిషాలు ముంచి, తీసిన వెంటనే ఉన్ని దుప్పట్లో చుట్టి పెట్టెలో ఒకటి రెండు రోజులు చెమర్చనివ్వాలి. ఆ తరవాత రోజూ కొద్ది గంటలు ఎండ, మిగతా వేళ నీడ, చివర రెండు మూడు నెలలు పెట్టెలో మగ్గడం. ఐదారు కిలోల పచ్చికాయకి కిలో. ధర 2018లో ఆకాశంలో ఉంది, తరవాత కుప్పకూలింది. ఆ ఏడాది ధర చూసి కాఫీ చెట్లు నరికేసినవాళ్ల బాటలో ఎవర్నీ పోనివ్వద్దు.

లవంగం అసలైన దాపుడు సొమ్ము. మొగ్గ విచ్చకముందు, ఎర్రబారేటప్పుడు కోసి ఆ రోజే పల్చగా ఆరబోస్తే నాలుగైదు రోజుల్లో తొడిమ పుటుక్కున విరుగుతుంది. మూడు కిలోల పచ్చిది కిలో అవుతుంది. కుప్పగా పోసి ఒక రాత్రి ఉంచితే తెల్లబడి ముడతలు పడుతుంది, సగం ధరకే పోతుంది. బాగా ఎండింది ఏడాది దాచినా చెడదు. అందుకే సెప్టెంబరు ధరకి అంతా అమ్మించకండి, కొంత ఆ ఆకలి నెలలకి ఉంచమనండి. పచ్చగింజ గారు అడిగిన బియ్యం అప్పుకి ఇదీ ఒక జవాబు.

కొండదారి:
చాలా పనికొచ్చేవి చెప్పారు. ఆ నెలలకి ఊళ్లోనే పొదుపు, ప్రభుత్వ డబ్బు ఏమైనా అందుతాయా? పందుల పెంపకం ఎలా ఉంటుంది?

నీటిగట్టు:
పొదుపుకి వాళ్లకి అరిసాన్ ఉంది, అచ్చం మన చిట్టీపాటలాంటిదే గాని పాట ఉండదు, చీటీ తీస్తారు. ఊరూరా పరపతి సంఘాలూ ఉన్నాయి. ఇంకొకటి పెస్తా సెకోలా: పిల్లాణ్ని పెద్ద చదువుకి పంపే ముందు విందు పెడతారు, వచ్చినవాళ్లు డబ్బు చదివిస్తారు. మన పెళ్లి చదివింపుల్లాగే ప్రతిదీ తిరిగి పెట్టాల్సిన బాకీ. మీరు వేసే కుటుంబ లెక్కలో ఈ బాకీల గడి లేకపోతే ఆ లెక్క తప్పు.

పంది అంటే అక్కడ పెళ్లికీ చావుకీ పనికొచ్చే బ్యాంకు. 2020 నుంచి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (పందుల జ్వరం) ఫ్లోరెస్ ఉన్న రాష్ట్రంలో ఎన్నో దొడ్లు ఖాళీ చేసింది. చికిత్స లేదు. విందుల్లో మిగిలిన కూడు పందికి పెట్టాల్సి వస్తే అరగంట కుతకుత ఉడికించి పెట్టాలి. సంతలో కొన్న పిల్లని మూడు వారాలు విడిగా కట్టాలి. చచ్చిన పందిని వాగులో పడేస్తే కింది ఊళ్లకి పోతుంది, లోతుగా పాతాలి.

ప్రభుత్వ డబ్బు సంగతికొస్తే, 2014 గ్రామ చట్టం కింద 2015 నుంచి దానా డెసా (గ్రామ నిధి) ఊరి ఖాతాలో పడుతోంది. ఆ డబ్బుతో యంత్రాలు కొన్న ఊరి సంస్థలు (బుమ్‌డెస్ అంటారు) చాలాచోట్ల మూలపడ్డాయి. యంత్రానికి డబ్బు రాసి, పండు కొనే నగదు రాయకపోవడమే కారణం. రోజుకి టన్ను పండు ఆడించాలంటే కనీసం పది రోజుల కొనుగోలు డబ్బు చేతిలో ఉండాలి, పప్పు ఎండి అమ్ముడయ్యేదాకా రూపాయి తిరిగి రాదు.

నీళ్ల పైపులకి కూడా ఆ గ్రామ నిధి నుంచే అడగండి, కడగడానికి ఊట నీరు కావాలిగా. 10 బార్ ఒత్తిడి తట్టుకునే పైపైనా 100 మీటర్ల దిగుడుకి మించి ఆపదు. 60, 70 మీటర్లకొక ఒత్తిడి విరుగు తొట్టి (నీటి ఒత్తిడిని మధ్యలో తగ్గించేది) పెట్టించండి, లేకపోతే కింది ఇళ్ల దగ్గర అతుకులు ఊడిపోతాయి. ఊట దగ్గర వడపోత గదిని వానాకాలంలో వారానికోసారి శుభ్రం చేసేవాడికి జీతం కూడా కాగితం మీద ఉండాలి.

వచ్చే ఏడాది పనులు తేల్చే గ్రామసభ జూన్ లోపే జరగాలి. సరిగ్గా అప్పుడే అందరూ కాఫీ కోతలో ఉంటారు, తోటలున్నవాళ్లు రారు. మే నెలలోనే పైపు పొడవు, తొట్ల సంఖ్య, పండు కొనే నగదు ఒక్క కాగితం మీద రాయించి, కుర్రాళ్ల చేతే గ్రామపెద్దకి ఇప్పించండి.