లూపస్ కిడ్నీకి కార్-టి చికిత్స: తెలిసినవారు చెప్పండి

కావలి_అన్న: మా చెల్లెలికి లూపస్ నెఫ్రైటిస్, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటిమీదే తిరగబడే లూపస్ జబ్బు కిడ్నీలకు పాకింది. రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనోలేట్, స్టీరాయిడ్లు వాడుతున్నా మూత్రంలో ప్రొటీన్ పోతూనే ఉంది. ఇరవై నాలుగు గంటల మూత్రం డబ్బాకు రెండు కవర్లు చుట్టి, ఒళ్లో పెట్టుకుని నెల్లూరు బస్సెక్కడం మాకు అలవాటైపోయింది. కార్-టి కణాలు ఒక్కసారి ఎక్కిస్తే చాలంటూ ఒక ఏజెంటు ఫోను చేశాడు. అడ్వాన్సు అడుగుతున్నాడు. పొలం అమ్ముదామా అనుకుంటున్నాం.

ఒంగోలు_ఫార్మసిస్టు: పొలం జోలికి వెళ్లకండి. చికిత్స మాత్రం నిజమే. రోగి రక్తంలోని టి కణాలనే రోగనిరోధక కణాలను తీసి, పైన సీడీ19 అనే గుర్తున్న బి కణాలను వెతికి చంపేలా ల్యాబులో మార్చి తిరిగి ఎక్కిస్తారు. ఒంటిమీదే తిరగబడే యాంటీబాడీలకు మూలం ఆ బి కణాలే. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గేయోర్గ్ షెట్ బృందం 2021లో ఒక యువతి కేసు ప్రచురించింది. 2024 నివేదికలో లూపస్ రోగులు 8 మంది. అందరికీ జబ్బు అణిగింది, మందులూ ఆపేశారు. బి కణాలు మళ్లీ పుట్టినా, గమనించినంత కాలం జబ్బు తిరగబెట్టలేదు. గొప్ప ఫలితమే, కానీ 8 మందే కదా!

మార్కాపురం_టీచరు: మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి పొందిన నెక్స్‌కార్19 అనే కార్-టి చికిత్స బి కణాల రక్త క్యాన్సర్లకు. లూపస్‌కు కాదు. ట్రయల్ అని ఏజెంటు అంటే సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు నంబరు అడగండి.

గూడూరు_బావ: మా బావమరిదికి లింఫోమా అనే క్యాన్సర్‌కు చెన్నైలో కార్-టి చేశారు. ముందు కీమో, కణాలు ఎక్కించాక విపరీతమైన జ్వరం. మెదడుపై ప్రభావం పడిందేమోనని రోజూ ఒకే వాక్యం రాయించేవారు, వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టించేవారు. ఒకరోజు అక్షరాలు వంకర్లు పోయేసరికి డాక్టర్లు పరుగున వచ్చారు. ఐసీయూ లేనిచోట చేయించుకునే పని కాదు.

కనిగిరి_శీను: మా నాన్నకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగింది. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల అంటారు ఊళ్లో. ఆయనకు పనికొస్తుందా?

ఒంగోలు_ఫార్మసిస్టు: రోగనిరోధక వ్యవస్థ తిరగబడి వచ్చిన జబ్బయితేనే దీనికి అర్థం. అప్పుడైనా కిడ్నీలో మచ్చకట్టిన భాగం తిరిగి రాదు. ముందు కారణం తేల్చుకోండి. కావలి అన్నా, టాక్రోలిమస్, రిటుక్సిమాబ్ వంటి మందులు వాడి చూశారా?

కావలి_అన్న: లేదండి. ఏజెంటును నంబరు అడిగితే ‘అవన్నీ మీకెందుకు’ అని ఫోను పెట్టేశాడు. వచ్చే వారం పినాకిని రైల్లో చెన్నై వెళ్తాం. కిడ్నీ బయాప్సీ (ముక్క తీసి చేసిన పరీక్ష) రిపోర్టు చాలా?

గూడూరు_బావ: ఆ ముక్క పెట్టిన గాజు స్లైడ్లు కూడా పట్టుకెళ్లండి, మళ్లీ చూస్తామంటారు.