60–70 స్పీడులో మాత్రమే వణుకు: పాత ఆటోమేటిక్, గేర్‌బాక్స్ విప్పించాలా?

నాగోల్_సెడాన్:
అందరికీ నమస్తే. నాది 2011 మోడల్ పెట్రోల్ సెడాన్, 5 స్పీడ్ ఆటోమేటిక్. సీవీటీ (విడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే రకం) కాదు, టార్క్ కన్వర్టర్ ఉన్న గేర్‌బాక్స్. లక్షా పది వేల కిలోమీటర్లు దాటింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే చర్చంతా అటే పోతుంది.

సమస్య ఏంటంటే, 60–70 మధ్య యాక్సిలరేటర్ మీద కాలు ఊరికే ఆనించి పోతుంటే కారు మొత్తం ఒకట్రెండు సెకన్లు వణుకుతుంది, టోల్ గేటు ముందు రంబుల్ స్ట్రిప్స్ ఎక్కినట్టు. గట్టిగా తొక్కితే పోతుంది, కాలు పూర్తిగా తీసేసినా పోతుంది. స్టీరింగ్‌లో కంటే సీటు కింద ఎక్కువ తెలుస్తుంది. పొద్దున బండి తీయగానే ఉండదు, ఉప్పల్ ట్రాఫిక్ దాటి వరంగల్ హైవే ఎక్కాక మొదలవుతుంది.

టైర్ల షాపులో బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాను, ఏం తేడా లేదు. ఒక షెడ్డులో ఇంజిన్ మౌంటింగులు మార్చారు, దాంతో సిగ్నల్ దగ్గర డి లో ఆగినప్పుడు వచ్చే అదురు తగ్గింది గానీ ఇది అలాగే ఉంది. ఇప్పుడు ఇంకో చోట గేర్‌బాక్స్ దించి విప్పాలి, ఎనభై వేల దాకా అవుతుంది అంటున్నారు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో రికార్డు లేదు. నాన్న కొన్న బండి, అమ్మే ఆలోచన అస్సలు లేదు. ఏం చేయమంటారు?

పాతబండి_భాయ్:
అన్నా, ఇప్పుడే విప్పనివ్వకు. నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. టైర్ల వణుకైతే స్పీడుతో పాటే వస్తుంది, కాలు తొక్కినా తీసినా దానికి సంబంధం ఉండదు, పైగా ఎక్కువగా 80 దాటాక స్టీరింగ్‌లో తెలుస్తుంది. నీది కాలు కదిపితే మారుతోంది కాబట్టి టైర్లను మర్చిపో. డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ అరిగినా వణుకుతుంది కానీ, అది గట్టిగా తొక్కినప్పుడు పెరుగుతుంది. నీకు తగ్గుతోంది.

నాకు లాకప్ క్లచ్ మీదే అనుమానం. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలం మామూలుగా ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు వెళ్తుంది. స్పీడు నిలకడగా ఉన్నప్పుడు పెట్రోల్ ఆదా కోసం లోపల ఒక క్లచ్ పట్టుకుని రెండింటినీ నేరుగా కలిపేస్తుంది. ఆయిల్ పాతబడితే అందులోని రసాయనాలు పనిచేయడం మానేస్తాయి, అప్పుడు ఆ క్లచ్ సాఫీగా పట్టుకోలేక పట్టుకుంటూ జారుతూ ఉంటుంది. అదే ఈ వణుకు. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు చాలా బండ్లలో లాకప్ పడనే పడదు, పొద్దున నీకు రాకపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు.

టెస్టు ఒకటి చెప్తా. ఖాళీ రోడ్డు మీద, వెనక బండి లేదని అద్దంలో చూసుకుని, వణుకు వస్తుండగా యాక్సిలరేటర్ అలాగే ఉంచి ఎడమకాలితో బ్రేక్ పెడల్‌ను బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకించు. ఎడమకాలు అలవాటు లేకపోతే చాలా మెల్లగా, లేదంటే గట్టిగా పడిపోతుంది. లైటు స్విచ్ పడగానే లాకప్ వదిలేస్తుంది. వణుకు ఆ క్షణమే ఆగిపోతే సగం తేలినట్టే.

ఓబీడీ_రీడర్:
భాయ్ చెప్పిన టెస్టు మంచిదే, కానీ దాని ఒక్కదాని మీదే తీర్పు ఇవ్వొద్దండి. లాకప్ పడి ఉన్నప్పుడు ఇంజిన్‌కూ చక్రాలకూ మధ్య ఆయిల్ మెత్తదనం ఉండదు, కాబట్టి ఇంజిన్‌లో చిన్న మిస్‌ఫైర్ (ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) ఉన్నా అదంతా సీటు దాకా వస్తుంది. బ్రేక్ తాకించి లాకప్ వదిలిస్తే ఆ మిస్‌ఫైర్ కూడా కప్పబడిపోతుంది. అంటే రెండు రోగాలకూ ఈ టెస్టు ఒకే జవాబు ఇస్తుంది. ఇక్కడే చాలామంది మంచి గేర్‌బాక్సులు విప్పించుకుంటారు, అది చూస్తే బాధేస్తుంది.

బండి కంప్యూటర్‌లోని లెక్కలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ దొరికితే లైవ్ డేటాలో సిలిండర్ల మిస్‌ఫైర్ కౌంట్ చూడండి. చెక్ ఇంజిన్ లైటు వెలగకపోయినా కౌంట్ పెరుగుతుండొచ్చు. ఒక సిలిండర్‌లోనే పెరిగితే దాని కాయిల్ (స్పార్క్ ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) పక్క సిలిండర్‌కు మార్చి పెట్టండి, లెక్క దాని వెంటే వెళ్తే కాయిల్ పోయినట్టు. స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఎలాగూ మార్చాల్సిందే. లాకప్ జారుతుంటే మాత్రం మిస్‌ఫైర్ కౌంట్ సున్నాగానే ఉండి, వణికేటప్పుడు ఆర్పీఎం ముల్లు కూడా సన్నగా ఊగుతుంది. ముల్లును పక్కన కూర్చున్నవాళ్లను చూడమనండి, మీరు రోడ్డు చూడండి.

నాగోల్_సెడాన్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం పొద్దున్నే ఘట్‌కేసర్ వైపు తమ్ముణ్ణి తీసుకుని వెళ్లాను. బ్రేక్ తాకించగానే వణుకు ఠక్కున ఆగింది. మిస్‌ఫైర్ కౌంట్ నాలుగు సిలిండర్లలోనూ సున్నా, ఆర్పీఎం ముల్లు ఊగడం తమ్ముడు వీడియో తీశాడు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ బాగా నల్లబడింది, మాడు వాసన లేదు. ఇంత పాత ఆయిల్ మారిస్తే గేర్లే జారిపోతాయని మా మెకానిక్ భయపెడుతున్నాడు. నిజమేనా?

కూకట్‌పల్లి_గేర్లు:
ఆ మాట సగం నిజం. గేర్‌బాక్స్ అప్పటికే క్లచ్చులు మాడి జారుతుంటే కొత్త ఆయిల్ దాన్ని కాపాడలేదు, జనం ఆ నింద ఆయిల్ మీద వేస్తారు. మీకు గేర్లు సాఫీగా పడుతున్నాయి, మాడు వాసన లేదు, కాబట్టి మార్చండి. మెషిన్‌తో ప్రెషర్ ఫ్లష్ మాత్రం వద్దు. కింద బోల్టు విప్పి దానంతట అది కారినంత తీసి, అంతే కొలిచి పోయించండి.

ఒక్కసారికి మొత్తం రాదు, చాలావరకు టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. ఒకసారికి 40 శాతం మారుతుందనుకుంటే, మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మూడుసార్లు చేస్తే దాదాపు 80 శాతం కొత్తదవుతుంది. ఆయిల్ విషయంలో ఖచ్చితంగా ఉండండి: ఓనర్స్ మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ రాసుందో అదే, సీలు చూసి కొనండి. రాణీగంజ్‌లో తక్కువకు వస్తుందని ‘అన్నిటికీ పనికొచ్చే’ ఆయిల్ పోస్తే దానివల్లే కొత్తగా వణుకు మొదలైన బండ్లు ఉన్నాయి. లెవెల్ ఇంజిన్ ఆపి చూడాలా నడుస్తుండగా చూడాలా అన్నది కూడా బండిని బట్టి మారుతుంది, అదీ మాన్యువల్ ప్రకారమే.

తీసిన ఆయిల్ తెల్ల డబ్బాలో పట్టమనండి. బోల్టు అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తని పొడి మామూలే, ముక్కలు కనిపిస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. ఆయిల్ గులాబీ రంగులో మబ్బుగా ఉంటే రేడియేటర్‌లో ఉండే గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ లీకై నీళ్లు కలుస్తున్నట్టు. మన దగ్గర కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటు వల్ల రేడియేటర్లు లోపల తినేస్తాయి, అందుకే దీన్ని తప్పకుండా చూడండి. నీళ్లు తగిలితే క్లచ్ మీది లైనింగ్ ఊడిపోతుంది, అప్పుడు ముందు రేడియేటర్ మార్చకుండా ఎంత ఆయిల్ పోసినా దండగే.

మూడుసార్లు మార్చాక కూడా తగ్గకపోతే లాకప్ సొలినాయిడ్ (లాకప్ క్లచ్‌కు ఆయిల్ వదిలే కరెంటు వాల్వు), దాని వైరింగ్ చూపించండి, చాలా బండ్లలో అవి గేర్‌బాక్స్ దించకుండానే అందుతాయి. అదీ కాదని తేలితేనే టార్క్ కన్వర్టర్. దానికి గేర్‌బాక్స్ దించక తప్పదు, కానీ కన్వర్టర్ ఒక్కటే రీబిల్డ్ చేయించి తిరిగి ఎక్కించొచ్చు, గేర్‌బాక్స్ లోపల చేయి పెట్టక్కర్లేదు. ఎస్టిమేట్ రాయించేటప్పుడు కన్వర్టర్ పనికీ, గేర్‌బాక్స్ విప్పే పనికీ రేటు విడివిడిగా రాయమని అడగండి.