వాగులో చేపలు తిరుగుతున్నాయి కదా, ఇక వాగు బాగున్నట్టేనా?

వాగుగట్టు: మాది ఖమ్మం జిల్లా, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. ఊరి పక్క వాగు కిందికి పోయి మున్నేరులో కలుస్తుంది. కాలువ కింది పొలాల ఊటనీరు దిగుతుంది కాబట్టి కాలువ నడిచినన్నాళ్లూ ఎంతో కొంత పారుతూనే ఉంటుంది. మొన్న ఒక సీసా నీళ్లు ల్యాబ్‌కు పంపాం. ఆక్సిజన్ లీటరుకు 6 మిల్లీగ్రాముల పైన, బీఓడీ (నీళ్లలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 3 లోపు అని రిపోర్టు వచ్చింది. ఊళ్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. మా అమ్మాయి డిగ్రీలో జువాలజీ. అది మాత్రం రాళ్లు తిరగేసి చూసి, "నాన్నా, ఇక్కడ ఎర్ర పురుగులూ నత్తలూ తప్ప ఏమీ లేవు, పొలాలకు ఎగువన చూస్తే రకరకాలు ఉన్నాయి, వాగుకు జబ్బు చేసింది" అంటోంది. మా బావమరిది ఒకటే నవ్వు. ఎవరిది రైటు?

ల్యాబ్‌కోటు: రిపోర్టుదే రైటు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో స్నానానికి పనికొచ్చే నీళ్లకు ఆక్సిజన్ 5కి తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు. మీ వాగు ఆ రెండూ పాసైంది. బీఓడీ అంటే నీళ్లను 27 డిగ్రీల్లో 3 రోజులు ఉంచి కొలిచే పరీక్ష. పురుగులు లెక్కపెట్టడం పిల్లలకు మంచి కాలక్షేపం, అంతకంటే ఏమీ కాదు.

రాళ్లకింద: కాలక్షేపమా? సార్, మీరు చెప్పిన ఆ మండలికే పురుగుల లెక్క ఒకటి ఉంది. దొరికిన పురుగుల కుటుంబాలను బట్టి 0 నుంచి 10 దాకా ఒక స్కోరు, వైవిధ్యానికి 0 నుంచి 1 దాకా ఇంకోటి, రెండూ చూసి నీళ్లకు A నుంచి E దాకా ఐదు తరగతులు.

వాగుగట్టు గారూ, ఆ సీసా ఎన్ని గంటలకు పట్టారు? పదీ పదకొండుకే అయ్యుంటుంది. ఎండ తగలగానే నాచు ఆక్సిజన్ వదులుతుంది, అంకె పెరుగుతుంది. రాత్రంతా అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున ఐదింటికి పట్టి చూడండి. సీసా చెప్పేది ఆ నిమిషం సంగతే. పురుగు వారాల తరబడి, కొన్నయితే నెలల తరబడి ఆ నీళ్లలోనే పెరగాలి. మధ్యలో ఒక్క చెడ్డ రాత్రి వచ్చినా చాలు, అది ఉండదు.

ఆ ఎర్ర పురుగు కుట్టని దోమజాతి పిల్ల. అక్వేరియం షాపుల్లో చేపల మేతకు అమ్మేది అదే. ఒంట్లో మనలాగే హిమోగ్లోబిన్ ఉంది కాబట్టి ఆక్సిజన్ తక్కువైనా బతికేస్తుంది. అది ఉంటే తప్పేం లేదు, అది తప్ప ఇంకేం లేకపోతేనే టెన్షన్.

బావమరిది_కాదు: మరి చేపల సంగతి? నేనే పట్టాను పోయిన వారం. నీళ్లు చెడితే చేపలు ఉంటాయా?

రాళ్లకింద: ఏం చేపలు పడ్డాయి అన్నా?

బావమరిది_కాదు: కొర్రమీను, మట్టగిడసలు, రెండు మార్పులు.

రాళ్లకింద: ఆ మూడూ పైకొచ్చి గాలి పీల్చుకునేవే. నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా వాటికి నడుస్తుంది. పరిగెలు పడ్డాయేమో చెప్పండి.

బావమరిది_కాదు: ఈ మధ్య పరిగెలు లేవు. అయితే?

మిరపతోట: అయితే ఏముంది, చివరికి రైతు మందు కొట్టాడు, పురుగు చచ్చింది అంటారు. చదువుతుంటేనే తెలుస్తోంది ఈ చర్చ ఎటు పోతుందో. నాది ఇదే వాగు పక్క రెండెకరాల మిరప. కొన్ని మాటలు నేనూ అడుగుతా. ఈ వాగు వానాకాలం వరదకు రాళ్లనే దొర్లించుకుపోతుంది, పురుగు ఎక్కడ నిలుస్తుంది? మా పొలాల దగ్గర ఇసుకంతా ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి, అడుగున బంకమన్ను తేలింది. ఎగువన గులకరాళ్లు, మా దగ్గర బంక. రెండు చోట్లా ఒకే పురుగు ఎలా ఉంటుందండీ?

రాళ్లకింద: ఇది అసలైన ప్రశ్న. మిరపతోట గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు ఒప్పుకోవాలి. రాళ్ల మీద గలగలా పారే చోటును అలాంటి చోటుతోనే పోల్చాలి. అమ్మాయి పైన రాళ్లు, కింద మడుగు చూసి ఉంటే ఆ పోలిక చెల్లదు. వరద తగ్గాక పురుగులు మళ్లీ చేరడానికి కొన్ని వారాలు టైమ్ కూడా ఇవ్వాలి.

ఇంకోటి, ఒక్కో పురుగుకు ఇన్ని మార్కులని పుస్తకంలో ఇచ్చే పట్టికను కళ్లు మూసుకుని వాడొద్దు. అందరూ వాడే పట్టిక 1970ల్లో బ్రిటన్ నదుల కోసం చేసింది. స్టోన్‌ఫ్లైకి 10 మార్కులు, ఎర్ర పురుగుకు 2. స్టోన్‌ఫ్లై చల్లటి కొండవాగుల పురుగు. ఖమ్మం ఎండలో, మైదానపు వాగులో అది కనపడలేదని వాగును ఫెయిల్ చేస్తే ఎలా? మేఫ్లై పిల్లలు ఉన్నాయా (ఎక్కువగా మూడు తోకలుంటాయి), ఇసుక రేణువులతో గూడు కట్టుకునే కాడిస్ ఉందా, తూనీగ పిల్లలు ఉన్నాయా చూడాలి. ఇవి పైన ఉండి కింద లేకపోతే, అదీ ఒకేలాంటి అడుగు ఉన్నచోట, అప్పుడు మాట్లాడుకుందాం.

మందు సంగతి దాచను. మిరపకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ నీళ్లలోకి దిగితే మేఫ్లై పిల్లలు అతి తక్కువ మోతాదుకే పోతాయి. బీఓడీ పరీక్షలో ఆ మందు జాడే తెలియదు.

ల్యాబ్‌కోటు: సరే, బీఓడీ మందును పట్టదు, అది నిజం. కానీ పురుగు లేదని చెప్తే ఏ మందో, ఎంతో తెలియదు కదా. దానికి మళ్లీ ల్యాబ్‌కే రావాలి.

రాళ్లకింద: వస్తాం సార్. ఎక్కడ సీసా పట్టాలో పురుగు చెప్తుంది, అందులో ఏముందో మీరు చెప్పండి.

మిరపతోట: నాదో షరతు. రెండు చోట్లు కాదు, మూడు చోట్లు చూడండి. పొలాల పైన ఒకటి, పొలాలు దాటాక ఊరి ముందు ఒకటి, ఊరి మురుగుకాలువ కల్వర్టు కింద కలిసే చోటు దాటాక ఒకటి. రైతుదెంతో ఊరిదెంతో తేలాలి. అమ్మాయి రాళ్లు తిప్పింది ఎక్కడో ముందు అది చెప్పండి.

వాగుగట్టు: ఇప్పుడే అడిగాను. కల్వర్టుకు కిందేనట.

మిరపతోట: చూశారా!

రాళ్లకింద: నేను రాసే ముందే అడగాల్సింది. ఒప్పుకుంటున్నా. కానీ మధ్య చోటు చూడందే మీరూ గెలిచినట్టు కాదు అన్నా. కర్రకు దోమతెర గుడ్డ కట్టి వల చేయండి, నీళ్లు వలలోకి పారేలా పట్టుకుని, వలకు ఎగువన కాలితో రాళ్లు కదపండి, మూడు నిమిషాలు, ప్రతి చోటా అంతే. తెల్లటి ట్రేలో పోసి చూసి మళ్లీ నీళ్లలోనే వదిలేయండి.

వాగుగట్టు: ఆదివారం పొద్దున్నే ఐదింటికి. బావమరిదిని కూడా లాక్కొస్తా.

మిరపతోట: నేను కల్వర్టు దగ్గర ఉంటా. టార్చ్ నాది.