టైగర్ రిజర్వ్ కోర్‌లో ఉన్న చెంచు పెంటకు అడవి మీద సామూహిక హక్కు వస్తుందా?

ప్రశ్న (పెంటదారి):
నల్లమల కోర్ ప్రాంతంలో (పులుల కోసం కేటాయించిన లోపలి అడవిలో) ఒక చెంచు పెంట, అంటే చెంచుల చిన్న గూడెం. తేనె, తపసి బంక, గడ్డలు తెచ్చుకునే అడవినంతా గ్రామసభ పేరున రాయించుకుని తామే కాపాడుకోవాలని పెంటవాళ్ల ఆలోచన. కోర్‌లో ఏ హక్కూ చెల్లదని ఫారెస్టువాళ్లు అంటున్నారు. నిజమేనా? ఫారం సి (సామూహిక అటవీ వనరుల హక్కు దరఖాస్తు) పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (వాగొడ్డు):
నిజం కాదండి. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలను, జాతీయ పార్కులను కూడా అటవీ భూమిగానే లెక్కించింది. కోర్‌లో హక్కులు ఇవ్వొద్దని 2017లో పులుల సంరక్షణ సంస్థ ఇచ్చిన ఉత్తర్వు మరుసటి ఏడాదే రద్దయింది. ఇంకా ఆ కాగితమే చూపిస్తుంటే ఈ మాట చెప్పండి. కర్ణాటకలో బిలిగిరి రంగన బెట్ట టైగర్ రిజర్వ్‌లో సోలిగ ఆదివాసుల గ్రామసభలకు 2011లోనే ఈ హక్కు వచ్చింది.

ముందు పెంట స్థాయిలోనే గ్రామసభ పెట్టించండి. పంచాయతీ కేంద్రంలో పెడితే చెంచుల మాట వినపడదు, కోరమూ నిండదు. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. సంతకాలు, వేలిముద్రలు రిజిస్టర్‌లో అదే రోజు తీసుకోండి. దరఖాస్తును పరిశీలించే అటవీ హక్కుల కమిటీకి 10 నుంచి 15 మందిని ఎన్నుకోవాలి. వాళ్లలో మూడింట రెండొంతుల మంది ఎస్టీలు, మూడో వంతు మహిళలు.

జవాబు (గుట్టబాట):
అసలు కష్టం మ్యాపు దగ్గర. తేనె చరియలు, బంక చెట్లున్న చోట్లు, చెలమలు, దేవతల తావులు, బొందల గడ్డలు, పాత పెంటల ఆనవాళ్లు అన్నీ పెద్దలతో నడిచి జీపీఎస్‌లో గుర్తించండి. హద్దుకు వాగు పేరు, గుట్ట పేరు రాయండి. కంపార్ట్‌మెంట్ నంబరు (అటవీ శాఖ అడవిని భాగాలు చేసి ఇచ్చే నంబరు) ఒక్కటే రాస్తే వాడుక హద్దు కాస్తా శాఖ హద్దుగా మారిపోతుంది. కనీసం రెండు రకాల ఆధారాలు కావాలి. పెద్దల వాంగ్మూలం వాటిలో ఒకటిగా చెల్లుతుంది. హక్కు కోరేవాళ్లే వాంగ్మూలం ఇస్తే చెల్లదు, ఇక్కడ కోరేది పెంట మొత్తం కాబట్టి దాన్ని పక్క పెంట పెద్దలతో ఇప్పించండి.

హక్కుల కమిటీ అడవిలో చేసే పరిశీలన తేదీని అటవీ, రెవెన్యూ శాఖలకు రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి. మేం లేనప్పుడు చేశారని ఆ శాఖలు తర్వాత అభ్యంతరం పెడితే ఇంకోసారి పరిశీలన జరపాలి. అప్పుడూ రాకపోతే గ్రామసభ మాటే ఖాయం.

పెంటదారి:
ఒక వాగు అవతలి పెంటవాళ్లూ అదే అడవికి వస్తారు. ఎలా?

గుట్టబాట:
రెండు పెంటల హక్కుల కమిటీలూ కలిసి కూర్చుని, ఉమ్మడి వాడుక అని రాసి రెండు సభల్లోనూ తీర్మానం చేయించాలి. ఇది వదిలేస్తే గ్రామసభ తర్వాత దరఖాస్తు చూసే డివిజన్ కమిటీ దగ్గర ఫైలు ఆగిపోతుంది.

జవాబు (ఇప్పచెట్టు):
పట్టా చేతికొచ్చాక ఎవరి పేరున ఉందో చూడండి. ఆంధ్రలో చాలాచోట్ల వన సంరక్షణ సమితుల (అటవీ శాఖ ఏర్పాటు చేసిన కమిటీల) పేరున ఇచ్చారు. అది చెల్లదు, గ్రామసభ పేరునే ఉండాలి. చట్టంలో లేని షరతులు రాసి ఉన్నా ఒప్పుకోవద్దు. డివిజన్ కమిటీ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, జిల్లా కమిటీకి వెళ్లడానికి గడువు 60 రోజులే. సేకరణ హక్కులకు ఫారం బి కూడా వెంటే పెట్టండి. హక్కు రాగానే గ్రామసభ సంరక్షణ కమిటీ వేసుకుని, ఏ చరియలో తేనె ఎప్పుడు తీయాలో, బంక కోసం ఎంత లోతు గాటు పెట్టాలో, మంటలకు కాపలా ఎవరో రాసుకోవాలి. ఆ రాత ఉంటేనే అటవీ శాఖ అడవి నిర్వహణకు రాసుకునే వర్కింగ్ ప్లాన్‌లో దాన్ని కలపమని అడగగలరు.