సమస్యాపూరణం: ‘నేల నడచి వచ్చి నింగిఁ దాఁకె’

నిర్వాహకులు (నల్లగొండ): ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. నేల నడవదు, నడిచినా నింగినంటదు కనుక అసంబద్ధంగా కనిపిస్తున్న ఈ పాదాన్ని, 1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ ప్రతిపాదించిన ఖండచలనం, అంటే ఖండాలు కదులుతాయన్న వాదం, ఆధారంగా ముందు మూడు పాదాలు రాసి పూరించవలసిందిగా కవిమిత్రులను కోరుతున్నాను. అవతారాలు, మహిమలు ఈసారికి వద్దు.

దేవరకొండ సభ్యులు:

పగిలి బద్దలయ్యెఁ బాంజియా ఖండమ్ము
భరత ఫలకమంతఁ బయనమయ్యె
ఆసియాను దాఁక నడుగంటె టెథిసబ్ధి
నేల నడచి వచ్చి నింగిఁ దాఁకె

నిర్వాహకులు: పూరణ బాగున్నది. ‘పగిలి బద్దలయ్యె’ అన్న ఎత్తుగడ సమస్యకు తగిన ఊపునిచ్చింది. ఖండాలన్నీ ఒక్కటిగా ఉన్న పాంజియా దాదాపు 20 కోట్ల ఏళ్ల కిందట చీలడం మొదలై, ఉత్తరాన లారేషియా, దక్షిణాన గోండ్వానా మిగిలాయి. ఆ గోండ్వానా నుంచి విడివడిన మన ఫలకం, అంటే భూమి పైపొరలో మనమున్న పలక, మడగాస్కర్‌ను కూడా వదిలిపెట్టి, దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొన్నది. ఇంత కథ నాలుగు పాదాల్లో ఇమడదు కనుక దాన్ని దోషమనను. మూడో పాదంలో మాత్రం రెండు చిక్కులున్నాయి. ‘టెథిసబ్ధి’ వైరి సమాసం, సంస్కృతం కాని పేరును సంస్కృత పదమైన ‘అబ్ధి’తో కలిపారు. పైగా అడుగంటడం ఎండిపోయే బావి లక్షణం. మన ఫలకానికీ ఆసియాకూ నడుమ ఉన్న టెథిస్ సముద్రం ఎండిపోలేదు, దాని అడుగు ఆసియా కిందికి దిగబడిపోవడం వల్ల మూసుకుపోయింది. ‘ఆసియాను దాఁక నడఁగెను గడలియే’ అంటే పేరు పోతుంది కాని రెండు చిక్కులూ తీరుతాయి.

అచ్చంపేట సభ్యులు:

తెప్పవోలెఁ దేలి తెరలపై సాగుచు
సంద్రమందు దారి చక్కఁజేసి
కొండ లెత్తుకొనుచు గుండెలే ఝల్లన
నేల నడచి వచ్చి నింగిఁ దాఁకె

నిర్వాహకులు: యతులు కుదిరాయి, ధార ఉన్నది, విషయం కుదరలేదు. ఖండం నీటిమీద తేలదు. సముద్రపు అడుగు కూడా ఫలకంలో భాగమే. ఆ ఫలకం కింద, వేడికి మెత్తబడి, ఘనంగానే ఉంటూ అతి నెమ్మదిగా జరిగే శిలల పొర ఉన్నది. ఖండాలు సముద్రపు అడుగును దున్నుకుంటూ ఎలా వెళ్తాయన్న ప్రశ్నకు సరైన జవాబు లేకనే వెగెనర్ మాటను చాలామంది తోసిపుచ్చారు. సముద్రమధ్య పర్వతశ్రేణుల దగ్గర కొత్త అడుగు పుట్టి రెండు వైపులకూ జరుగుతున్నదని 1960లలో తేలిన తరువాతే ఆ వాదానికి బలం వచ్చింది. కనుక మొదటి రెండు పాదాలను ఇలా సవరించవచ్చు:

మెత్తఁబడిన శిలల మీఁదుగా సాగుచు
సంద్రమడుగుతోడ జతగఁ గదలి

మహబూబ్‌నగర్ సభ్యురాలు:

పూజలందు నత్తఁ బోలు రాతినిఁ గన్న
కడలి యడుగు నాఁటి కథలు దెలియు
గండకీ నదమ్ము గట్టులందున్నట్టి
నేల నడచి వచ్చి నింగిఁ దాఁకె

నిర్వాహకులు: అమ్మా, ఈ వరుసలో నాకు బాగా నచ్చిన పూరణ మీది. సాలగ్రామాన్ని పేరెత్తకుండా చెప్పారు. నేపాల్‌లో కాళీగండకి లోయలో దొరికే ఆ నల్లరాళ్లలో చుట్టలు చుట్టుకొని కనిపించేవి టెథిస్ సముద్రంలో బతికిన అమ్మోనైట్ జీవుల శిలాజాలే. కొండ కొమ్మున సముద్రజీవి దొరకడం కన్నా సమస్యకు గట్టి సమర్థన అక్కరలేదు. ఉన్నదల్లా ఒక్క దోషమే: గండకి స్త్రీలింగ నామం కనుక నది, నదము కాదు. ‘గండకీనది దరి గట్టులందున్నట్టి’ అంటే సరిపోతుంది.

దేవరకొండ సభ్యులు: సవరణకు ధన్యవాదాలు. మన గుట్టలూ అదే ఫలకం మీద నడిచి వచ్చినవే కదా, వాటినే నింగినంటించి మరొకటి పూరించవచ్చునా?

నిర్వాహకులు: నడిచిన మాట నిజం. కాని తాకిడి తగిలింది ఉత్తరపు అంచుకు. మన నల్లగొండ గుట్టల గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది, అంటే పాంజియా కూడకముందే గట్టిపడిన రాయి. పైనున్నదంతా కోసుకుపోగా బయటపడి నిలిచింది. భువనగిరి కోట గుట్టను వర్ణించదలిస్తే దానికి వేరే సమస్య ఇస్తాను.